గుంటనక్క కొమ్ము
మహబూబ్ కైకలూరులో చేపల మేత బస్తాలను చెరువులకు చేరవేసే రిక్షా తొక్కుతాడు. రోజూ పొద్దు వాలే వేళ ఖాళీ రిక్షాను గట్టున ఆపి, గొంతుక్కూర్చుని బీడీ ముట్టిస్తాడు. అది ఆరేలోపు ఎదుటి గట్టు బొరియలోంచి గుంటనక్కల జంట బయటికొస్తుంది. పిల్లికంటే కాస్త పెద్ద ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, మొహానికి మించిన చెవులు, సిరాలో ముంచినట్టు నల్లటి తోక కొస. చేపల జోలికి పోవు, ఎలుకలూ పీతలూ చాలు వాటికి. సర్కారువాళ్లు బాంబులు పెట్టి కొల్లేరు చేపల చెరువుల గట్లు పేల్చిన ఏడాది కూడా ఆ బొరియ వదల్లేదు. ఆ బొరియకి బయటికి నాలుగు నోళ్లున్నాయని మహబూబ్ ఒక్కడికే తెలుసు.

"నక్క కొమ్ము గల్లాపెట్టెలో ఉంటే బేరాలు పెరుగుతాయంటయ్యా మహబూబూ" అన్నాడు మేత కొట్టు యజమాని అమరేశ్వరరావు.

"నక్కకి కొమ్ముండదండీ. ఆరేళ్లుగా చూస్తున్నాను. కావాలంటే రండి, చూపిస్తాను." పంతం కొద్దీ తీసుకెళ్లి నాలుగు నోళ్లూ చూపించాడు.

మూడో రోజు బీడీ వేలు కాల్చేదాకా కూర్చున్నా ఏదీ రాలేదు. వెళ్లి చూస్తే మూడు నోళ్లు మట్టితో మూసేసి ఉన్నాయి. నాలుగోదాని చుట్టూ పొగ మసి.

మర్నాడు కొట్టులో అమరేశ్వరరావు టీ తెప్పించి, మొదటిసారిగా మర్యాద చేశాడు.

"మీరన్నదే నిజమండీ మహబూబ్ గారూ. రెండు తలలూ పగలగొట్టించి చూశాను. దేనికీ లేదు."