మెర్వ్ ముట్టుకోని గులాబీ సముద్రం

మెర్వ్ టాస్కర్ కళ్ళెదుట తప్పు కనిపించినా ముట్టుకోడు. చేతకాక కాదు. ఉప్పెన ఏ ఊళ్ళో ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టే ఆ ప్రోగ్రాంలో సగం ఆయన రాసిందే. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపం కనిపిస్తే దిద్ది పంపొచ్చు. పంపినదాన్ని పరీక్షించి లోపలికి రానిచ్చేది మాత్రం హోబార్ట్ నగరంలో ఉండే ఈ రిటైరైన సముద్ర శాస్త్రవేత్తే. జీతం సున్నా, మొండితనం మాత్రం ఉడుంపట్టు.

ఆ ప్రోగ్రాం గీసే పటంలో సముద్రం గులాబీ రంగులో ఉంటుంది. ఒక్క అంకె మారిస్తే నీలమైపోతుంది.

"మెర్వ్, ఇది సముద్రమా, స్ట్రాబెర్రీ పాలా అని మా ఆఫీసులో నవ్వుతున్నారు," అనేది వెల్లింగ్టన్ నుంచి హినే, వారం వారం అందరూ వీడియోలో కలిసినప్పుడు.

"ఉండనీ. ఎవరో ఒకరు వస్తారు."

"వచ్చి?"

"దిద్దుతారు."

"తప్పుల్ని కోడిపిల్లల్లా పెంచుతున్నాడమ్మా ఈయన!"

హినేకి నవ్వొచ్చేది గానీ, ఫిజీ రాజధాని సూవాలో ఉన్న అసెనాదాకి ఒళ్ళు మండేది. ఆమె ఏం దిద్ది పంపినా ఆయన తిప్పి పంపేవాడు. "ఇక్కడేదో ఉంది, చూసుకో" అనేవాడు. ఏముందో చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

ఆ శుక్రవారం పొద్దున తుఫాను ఫిజీ మీదికి వస్తోంది. అసెనాదా ప్రోగ్రాం నడిపింది. లౌ దీవుల్లో వాళ్ళమ్మ ఉన్న ఊళ్ళో నీరు లేచేది సున్నా అని వచ్చింది. తుఫాను సరిగ్గా ఆ దారినే పోతుంటే సున్నా ఏమిటి?

వెతగ్గా వెతగ్గా దొరికింది. భూగోళం మీది నూట ఎనభై డిగ్రీల నిలువు గీత ఫిజీ మధ్యలోంచే పోతుంది. తుఫాను గీతకి ఇవతల, ఊరు అవతల; ఇవతల తూర్పు లెక్క, అవతల పడమటి లెక్క. ప్రోగ్రాం పక్కనున్న దూరం వదిలేసి, భూమి చుట్టూ తిరిగొచ్చి కొలిచింది. తుఫాను ఎక్కడో లోకం చివర ఉందనుకుని నిశ్చింతగా కూర్చుంది. హోబార్ట్‌లో కూర్చున్నవాళ్ళకి కలలో కూడా తట్టని తప్పు అది.

"మెర్వ్, ఇది రంగుల గొడవ కాదు, జనం మునుగుతారు! మీకైతే అయిదు నిమిషాల పని. దిద్దండి!"

"నేను ముట్టుకోను. నువ్వు చెయ్యి."

"మా అమ్మ అక్కడుంది!"

"తెలుసమ్మా. చెయ్యి. నేను టీ పెట్టుకుని వస్తా."

తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది.

"ఇప్పుడు టీయా!" హినే నెత్తి కొట్టుకుంది. "అసెనాదా, నువ్వు రాయి. నేను పరీక్షిస్తా."

కిటికీ రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. దీపం ఆరి ఆరి వెలుగుతోంది. అసెనాదా ఆయన్ని తిట్టుకుంటూనే రాసింది. చాలాసేపటికి మెర్వ్ వచ్చి కూర్చున్నాడు. చేతిలో కప్పు లేదు.

"ఇక్కడేదో ఉంది, చూసుకో."

"మళ్ళీనా! చెప్పి చావొచ్చుగా!"

చూసింది. తుఫాను సరిగ్గా గీత మీదే నిలబడితే? ఆ మాటే మరిచిపోయింది. పళ్ళు కొరుకుతూ అదీ దిద్దింది. హినే పరీక్షించి, "నిలిచింది!" అని అరిచింది. అమ్మ ఊళ్ళో సున్నా పోయి, మనిషిని ముంచే ఎత్తు వచ్చింది.

అసెనాదా విపత్తు కార్యాలయానికి ఫోన్ చేసింది. "లౌ దీవుల కొత్త లెక్కలండీ! వెంటనే జనాన్ని..."

"ఇప్పటికే కొండెక్కించేశాం," అన్నాడు అధికారి. "మీ మెర్వ్ ఇందాక ఫోన్ చేశాడుగా? ముందు ఎక్కించండి, అసలు లెక్క మా అసెనాదా పంపుతుంది అన్నాడు. ఆ గీత సంగతి మాకంటే ఆమెకే బాగా తెలుసు, రేపు హోబార్ట్‌కి లైను తెగినా మీకు దిగుల్లేదు అని కూడా అన్నాడు."

అసెనాదా తెర వైపు తిరిగింది. కోపం ఎటుపోయిందో తెలీదు. ఆ ముసలాయన ముద్దొచ్చాడు.

"టీ తాగారా, మెర్వ్?"

"మర్చిపోయా."

మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. "నీళ్ళు వంటింటి చూరుదాకా వచ్చి పోయాయే. అందరం బతికాం. కానీ నన్ను కొండెక్కించమన్న ఆ పెద్దమనిషికి నా మోకాళ్ళ సంగతి చెప్పు!"

తర్వాతి సమావేశానికి తరావా దీవి నుంచి తెరెతియా అనే కొత్తమ్మాయి వచ్చింది. బెరుగ్గా అడిగింది: "సముద్రం... గులాబీ రంగులో ఎందుకుందండీ?"

ఒక్క అంకె. అసెనాదా వేళ్ళు అప్పుడే మీటల మీదికి వెళ్ళాయి. ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరో ఒకరు వస్తారని ఉంచాం," అంది. "వచ్చావుగా. కానివ్వు."

హినే నెత్తి కొట్టుకుంది. ఈసారి మెర్వ్ చేతిలో నిజంగానే టీ ఉంది.