పదకొండు చెంబుల నీళ్లు

జూన్ మూడో తేదీ, సోమవారం ఉదయం ఆరుంబావుకు మా కారు రేడియేటర్‌లో మొదటిసారి నీళ్లు తగ్గాయి. మా ఆయన ఆ కారులోనే నానక్‌రామ్‌గూడ ఆఫీసులకు ఉద్యోగులను దింపేవారు. మా ఇంటికి అదే ఆధారం.

"ఎండలకు దానికి గూడ దూప అయితుందే," అని ఆయన నవ్వారు.

బోరు నీళ్లు పోసి, ఎన్ని చెంబులో క్యాలెండర్‌లో రాసేదాన్ని. మొదటి వారం మూడు, రెండో వారం ఏడు. వెనక గొట్టం నుంచి పొగ తెల్లగా వచ్చేది. కారు కింద నేల మాత్రం పొడిగా ఉండేది కాబట్టి, ఏమీ కారడం లేదని ధైర్యపడ్డాను.

పదిహేనో రోజు మరో చెంబు పోశాక, పుప్పాలగూడ దగ్గర కారు ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. మెకానిక్ చూస్తే ఇంజనాయిల్ పాల టీ రంగులో ఉంది. ఆయన ఫోన్ చేస్తే నేనూ వెళ్లి, మెకానిక్‌కు నా లెక్క చెప్పాను.

"గింత లెక్క రాసిన్రు, గా నీళ్లన్నీ ఏడికి పోతున్నయో అడగకపోతిరా అమ్మా?"

ఇంజన్ మీది సిలిండర్ హెడ్ ఊడదీసి, దానిపై ఉక్కు స్కేలు నిలబెట్టాడు. స్కేలు కింద నుంచి వెలుతురు కనిపించింది. వేడికి హెడ్ వంగిపోయి, నీళ్లన్నీ ఇంజన్ లోపలికే దిగాయి.

"ఇగ ఇది లేవదు. ఇంజన్ మారిస్తే కారు ధరకన్న ఎక్కువైతది," అన్నాడు.

పోసినవి పదకొండు చెంబులు. పోయినవి ఇంజన్ ఒకటి, కారు ఒకటి, మా ఆయన ఇరవై రెండేళ్ల పని.