కంచె లోపల తెగిన చిగుళ్లు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. జీతమిచ్చే గుమాస్తాతో సహా అందరూ పిలిచేది మాత్రం కంచెమ్మ అనే. దుప్పులు రాకుండా ఉంటే మొక్కలు ఏమవుతాయో చూద్దామని అటవీశాఖవాళ్లు కొండవాలు మీద కొంత మేర చుట్టూ ఎత్తుగా ఇనుపవల బిగించారు. ఆ వల చుట్టూ రోజూ తిరగడం, సడలినచోట బిగించడం ఆమె ఉద్యోగం. లోపల మొక్కల ఎత్తు కొలవడం కోడలి ఉద్యోగం. ఇంట్లో ఒకే పొయ్యి, బయట ఒకే కంచె. అత్తాకోడళ్లకు గొడవపడటానికి చోటు కరువేమీ లేదు.

నేను చాలా అడవులు తిరిగాను, చాలాచోట్ల మోసపోయాను. పెద్దపెద్ద మాన్లు, కింద ఊడ్చిపెట్టినట్టు శుభ్రమైన నేల, కనుచూపు మేర ఖాళీ. ఆహా, ఏమి అడవి అనుకునేవాణ్ని. అది పిల్లలు పుట్టని ఊరులాంటిదని కంచెమ్మ చెప్పేదాకా తెలియలేదు. విత్తనం మొలుస్తుంది, మోకాలెత్తు లేస్తుంది, దుప్పి వచ్చి తల కొరికేస్తుంది. పక్కన ఇంకో చిగురు వేస్తే దాన్నీ కొరుకుతుంది. ఆ మొక్క చావదు, ఎదగదు. గిడసబారి ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతుంది. ముసలిమాను కూలితే ఆ చోటికి వచ్చే వారసుడుండడు. వలకు లోపల సంగతి వేరు. అక్కడ మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేచి, చెయ్యి చాస్తే వేళ్లు కనపడనంత గుబురైపోయాయి. కొలతల కోసం నరికి ఉంచిన సన్నటి బాట ఒక్కటే దారి.

ఆ వారం గాలివానకు పెద్ద కొమ్మొకటి విరిగిపడి, వలను నడుమెత్తుకు వంచేసింది. కంచెమ్మ కొమ్మను లాగేసి, వల నిలబెట్టి, తీగ బిగించి ఇంటికొచ్చింది. పని పసందుగా కుదిరిందని తనను తానే మెచ్చుకుంది. లోపల ఒకసారి తిరిగి చూడాలన్న ఆలోచనే రాలేదు. కంచె బయటివాటిని ఆపడానికే కదా!

మర్నాడు పొద్దున పొగమంచు. కోడలు తలగుడ్డ చుట్టుకుని, కొలతకర్ర భుజాన వేసుకుని కంచె తలుపు తీసి లోపలికి వెళ్లింది. కంచెమ్మ వల వెంబడి నడిచి, నిన్న కట్టినచోట ఆగింది. బాట రెండో కొస వచ్చి ముగిసేది అక్కడే. వలకు లోపలివైపు మొక్కలకు తలలు లేవు.

కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది. దుప్పికి పైదవడ ముందుపళ్లు లేవు కనక పట్టుకుని పీకుతుంది, కాడ చివర పీచు లేస్తుంది. అంత నాజూకు జంతువుకు తిండి మర్యాద బొత్తిగా తెలియదు. ఇక్కడ పీచు లేచి ఉంది. పసరు ఇంకా తడిగా ఉంది. తెగిన చోటు ఆమె భుజాలకంటే పైన ఉంది. పక్కనే ఒక లేతమాను బెరడు నిలువునా ఒలిచిపోయింది. పోతుదుప్పి కొమ్ములు రాసిన గుర్తు అది. పోతులు జత కోసం వెర్రెత్తి తిరిగే రోజులు. వల వంగినప్పుడు దూకి ఉంటుంది. తనే దాన్ని లోపల పెట్టి కట్టేసింది.

అరిస్తే బెదురుతుంది. బెదిరితే పరుగెత్తడానికి ఉన్నది ఆ ఒక్క బాట. బాటలో కోడలు.

కొలతలు పైకి చదువుకుంటున్న కోడలి గొంతు వినిపిస్తూనే ఉంది. కంచెమ్మ కటింగ్ ప్లేయర్ తీసి, ఇన్నేళ్లూ ఒక్క కన్ను తెగనివ్వకుండా కాపాడిన వలను పైనుంచి కిందికి కత్తిరించసాగింది. తీగ టక్కుమన్నప్పుడల్లా ఆగి వింది. సగం తెగేసరికి లోపలి గొంతు ఆగిపోయింది.

కంచెమ్మ రోజూ వంటింట్లో సణిగే గొంతే తెచ్చిపెట్టుకుంది.

"అమ్మాయ్, పొయ్యి ఆర్పే వచ్చావా?"

"ఇక్కడికి కూడా తయారయ్యారా అత్తయ్యా, సాధించడానికి?" మాట మామూలుదే, గొంతు మాత్రం గుసగుసే. "నా వెనక... ఏదో ఊపిరి తీస్తోంది."

"తెలుసు. తిరిగి చూడకు. బాట వదిలి గుబుర్లోకి దూరి కూర్చో. మెల్లగా. నీ పెళ్లినాడు నడిచినంత మెల్లగా."

"ఆరోజు నత్తనడకని తిట్టారుగా."

"ఇవాళ తిట్టన్లే. కూర్చున్నావా?"

జవాబు కోసం ఆగలేదు. కంచెమ్మ మిగతా తీగలు తెంచి, వలను బార్లా లాగి, పక్కకు ఒదిగి నేలకు కరుచుకుపోయింది. లోపల పుల్లలు విరిగాయి. ఏదో ఒరుసుకున్న చప్పుడు. మంచులోంచి ముందు కొమ్ములొచ్చాయి. ఒక కొమ్మున కోడలి తలగుడ్డ వేలాడుతోంది. దుప్పి సందు దగ్గర ఆగి, ముక్కుపుటాలు ఎగరేసి, ఒక్క దూకులో కిందికి వెళ్లిపోయింది.

కంచెమ్మ బాటలోకి పరుగెత్తింది. కోడలు మొక్కల మధ్య ముడుచుకుని, కర్రను కావలించుకుని కూర్చుని ఉంది. చెంప మీద గీత, రక్తం.

"ఆ గుడ్డ మీదే అత్తయ్యా. చెప్పకుండా కట్టుకొచ్చాను."

"కట్టింది నేనేనే! లోపల చూడకుండా ఆ వల కట్టేశాను," అని కంచెమ్మ బావురుమంది. ఆరోజు వల కట్టడం వాళ్ల వల్ల కాలేదు, సందు అలాగే వదిలేసి ఇంటిదారి పట్టారు.

మర్నాడు వచ్చేసరికి దుప్పుల మంద లోపల దూరి మేసిపోయింది. సందు పక్కనున్న మొక్కలన్నీ బోడులు. కంచెమ్మకు కోపం రాలేదు. ప్రతి తెగిన కాడ దగ్గరా ఎత్తు చూసుకుంది. అన్నీ నడుముకు కిందే: ఆడవి, పిల్లలు. భుజానికి పైన కొత్తగా తెగిన కాడ ఒక్కటీ లేదు, అంటే పోతు మళ్లీ రాలేదు, కనపడినంతలో. గుబురు లోపల ఏముందో కనపడితే కదా.

"మీరు ముందు పదండి అత్తయ్యా," అంది కోడలు.

"ఏమే, నా ప్రాణం నాకు చేదా?"

ఇద్దరూ సందులోనే నిలబడి, చెవులు రిక్కించి వింటున్నారు.