గట్టు మీది గడ్డి

గడ్డి పీకినందుకు మనిషిని కొడతారా అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వేవాళ్ళు వచ్చి నా ఎడమచేతి చిటికెన వేలు చూడండి. అరవయ్యో దశకం చివర్లో విరిగింది. ఈనాటికీ ముడుచుకోదు.

అప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో టెంపరరీ అటెండర్ని. బడి గడప తొక్కినవాణ్ణి కాదు. గడ్డిపరకలు ఆరబెట్టే పాత పేపర్లనే కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. పరకను పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ బిగించి, తడి పీల్చిన పేపరు రోజూ మార్చాలి. లేకపోతే బూజు పడుతుంది. ఆరాక అట్టకు అతికించాలి. యూనివర్సిటీ తనిఖీ నాటికి ఆ అట్టల బీరువా నిండితే నన్ను పర్మనెంటు చేయిస్తానన్నాడు లెక్చరరు. ఊదారంగు కంకి వేసే గడ్డి ఒక్కటే తక్కువ.

"వేళ్ళతో సహా తేవాలి. వేరు లేనిది నాకు చూపించకు" అన్నాడు.

పొందూరు దారిలో ఒక పొలం గట్టున అది కనిపించింది. మా వైపు గట్టు గడ్డి పొలం ఆసామిది. అడక్కుండా కోస్తేనే కొడవలి లాక్కుంటారు. ఇక వేరు పెకలిస్తే గట్టే జారిపోతుంది. ఆ సంగతి తెలిసే, అటూ ఇటూ చూసి గునపం దించాను.

"ఒరే, ఏటి పీకతన్నావురా? గట్టు నీ బాబుదేటి?"

తిరిగేలోగా ఆసామి ఎడ్లను తోలే ములుగర్ర నా వీపు మీద పడింది.

"కాలేజీకి బావూ, కాలేజీకి!"

"కాలేజీలో ఎడ్లు కట్టినారేటి? కోసుకుంటే కోసుకో! ఏర్లు పీకీసినావంటే రేపు వానకి గట్టు తెగిపోదేటి? మీ పెన్సిపాలొచ్చి కడతాడేటి?"

అప్పటికే పెకలించిన గడ్డిని గుండెకు అదుముకుని బురదలో బోర్లా పడ్డాను. వీపుకు అడ్డం పెట్టిన ఎడమచేతి వేళ్ళ మీద కర్ర పడింది. చిటికెన వేలు పుటుక్కుమంది. అతని పిక్క కొరికాను. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ముఖం మీద తన్నాడు. పట్టు వదిలాను. అతను మొలలోని కొడవలి తీసి వేరు తెగనరికి, నేను తవ్విన గోతిలోనే పెట్టి మడమతో తొక్కాడు. పైభాగం నా ముఖాన కొట్టాడు.

"తీస్కెల్లు. నీ కాలేజీకి ఇది సాల్లే."

చేతికి తువ్వాలు చుట్టుకుని లెక్చరరు గదికి వెళ్ళాను. తువ్వాలంతా నెత్తురు. ఆయన గడ్డిని అటూ ఇటూ తిప్పాడు.

"వేరేదీ?"

చెయ్యి చూపించాను.

"చెయ్యి కాదయ్యా, వేరు! గట్టులోనే ఉందిగా? రేపు వెళ్ళి పట్టుకురా."

బల్ల మీదున్న చెక్క తీసి ఆయన భుజం మీద వేశాను. సిరాబుడ్డి పగిలింది. ఆయన గోడకు అతుక్కుపోయాడు.

"మీరే రండి సారూ! గట్టు నేను సూపిత్తాను, గునపం మీరు దించండి!"

నలుగురొచ్చి రెక్కలు విరిచి పట్టి, గేటు బయటికి తోశారు. ఉద్యోగం పోయింది. ఆసామి మీద నాకు కోపం లేదు, తన గట్టు తను కాపాడుకున్నాడు. లెక్చరరుకు మాత్రం ఆ చెక్కదెబ్బతోనైనా బుద్ధి వచ్చిందా అంటే, అదీ లేదు. నా జాగాలోకి వచ్చినవాడి చేతికి గునపమిచ్చి, ఆ వారమే అదే గట్టుకు పంపాడు.