గడప మీద నీళ్ళ గ్లాసు

కిందటి నెల మా వియ్యంకుడు రాజమండ్రి నుంచి ఫోన్ చేశాడు. "బావగారూ, ఈసారి మనవణ్ణి చూడ్డానికి బెంగళూరు వచ్చినప్పుడు నన్ను ఓసారి మీ అత్తగారి ఊరు తీసుకెళ్ళాలండి. కేజీఎఫ్‌లో మనుషులే లేరటగా? పట్టపగలే దయ్యాలు తిరుగుతాయట!" అన్నాడు. నేను గట్టిగా నవ్వేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆ ఊరి గురించి తెలివితక్కువగా మాట్లాడేవాణ్ణి చూసి నవ్వే హక్కు ఇంకెవరికైనా ఉంటే ఉండొచ్చు, నాకు మాత్రం లేదు. ఆయన విన్నది దయ్యాల కథ, ఒకప్పుడు నేను విన్నది బంగారం కథ. ఆయన కనీసం అడిగి తెలుసుకుంటున్నాడు. నేను అడక్కుండానే జేబులో వేసుకున్నవాణ్ణి.

మాది శ్రీనివాసపురం పక్కన పల్లె. మామిడి తోపులు తప్ప మరో లోకం తెలియని ఇల్లు. బంగారు గనుల ఊరైన కేజీఎఫ్ మాకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరమే అయినా, మా ఇంట్లో ఒక్కరూ ఆ ఊరు చూసినవాళ్ళు కారు. కాయల కోసం వచ్చే లారీవాళ్ళు చెప్పినదానికి మా అవ్వ ఇంకాస్త చేర్చి చెప్పేది. "ఆ ఊర్లో ఆడోళ్ళు కసువు చిమ్మితే చాటలో బంగారు మిగుల్తాదంట రా, అబ్బయ్యా" అనేది. నాకు ఆ ఊరి పిల్ల సంబంధం వచ్చినప్పుడు నాకంటే ముందు మా అవ్వే కొత్త చీర కట్టుకుని బయల్దేరింది.

పిల్ల వాళ్ళది చిత్తూరు వైపు పల్లె. తాతల కాలంలో గనిలో పనికి వచ్చి, ఊరికి దూరమై, గనికి దగ్గరై ఉండిపోయిన కుటుంబం. వాళ్ళుండేది లైన్ ఇళ్ళలో, రైలు పెట్టెల్లాగా ఒకదానికొకటి అంటుకుని ఉండే చిన్న గదుల వరస. వరస వెనక బూడిద రంగు దిబ్బ, కొండంత ఎత్తు. రాయిని పిండిచేసి బంగారం తీసుకున్నాక మిగిలిన ఇసక అదంతా. దాని మీద గడ్డి కూడా మొలవదు. గాలి వీచినప్పుడల్లా ఆ ఇసక సన్నగా ఈల వేస్తూ వచ్చి గడపల దగ్గర పేరుకుంటుంది, ఎవరో కింద కూర్చుని ఊపిరి వదులుతున్నట్టు. అది విని నాకు ఒళ్ళు జలదరించిన మాట నిజమే. కానీ కాళ్ళు కడుక్కుంటుంటే గోడ వార ఆ ఇసకలో ఏదో తళుక్కుమన్న మాట అంతకంటే నిజం. పెళ్ళిచూపులకు వెళ్ళినవాడి చూపులు పిల్ల మీద ఉండాలి. నావి నేల మీద ఉన్నాయి. ఎవరూ చూడకుండా ఒంగి, రెండు గుప్పెళ్ళు రుమాలులో మూటగట్టి జేబులో పెట్టుకున్నాను.

పిల్ల తండ్రి ఇంట్లో లేడు. పగటి షిఫ్టు మార్చుకోవడానికి కుదరక గనిలోకి దిగాడట, పైకి వచ్చాక ఆయన సరే అంటేనే సంబంధం ఖాయం. మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టారు. అలమర అరల అంచులకు చెక్కపట్టీలు కొట్టి ఉండటం చూసి, అలంకారం కాబోలు, బాగుంది అనుకున్నాను. ఓళిగ, అదే బొబ్బట్టు, తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే నేల కింద నుంచి ఒక్క దెబ్బ. అటూ ఇటూ ఊగలేదు. పాతాళంలో ఎవరో పెద్ద తలుపు విసిరి మూసినట్టుంది. అరల్లో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమని చెక్కపట్టీలకు తగిలి ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది ఆ అలంకారం ఎందుకో.

నేను పరుగెత్తాను. ఎంగిలి చేత్తో, మా అవ్వను విస్తరి ముందే వదిలేసి వీధిలోకి వచ్చిపడ్డాను. ఆ ఊపుకి జేబులోంచి రుమాలు జారి, మూట విప్పుకుని, ఇసకంతా నా కాళ్ళ చుట్టూ తళతళలాడింది. తలెత్తి చూస్తే వరస పొడుగునా ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ప్రతి గడప మీదా ఒక నీళ్ళ గ్లాసు. నన్ను చూసినవాళ్ళే లేరు. అందరి చూపూ దూరంగా గనిలోకి దిగే షాఫ్టు మీదున్న పెద్ద చక్రం మీద ఉంది. గని లోపల రాయి పగిలింది. ఆ చక్రం తిరిగితే మనుషుల్ని మోసే కేజ్ పైకి వస్తున్నట్టు. అది తిరగడం లేదు.

మా అవ్వ గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, మీ ఇంటాయన పేరేమి?" అని ఏదో మాట కలపబోయింది. కాబోయే అత్తగారు చెయ్యెత్తి ఆపింది. కిందున్న మనిషి పైకి వచ్చి ఆ గ్లాసు నీళ్ళు తాగేదాకా ఆ ఇంట్లో ఆ పేరు పలకకూడదట. పలికితే కింద ఇంకెవరైనా వింటారట. ఆ మాట విన్నాక మా అవ్వ కూడా నోరు మూసుకుంది, నా ఎరుకలో అదే మొదటిసారి. పిల్ల, తల్లి వెనక నిలబడి కొంగు కొస నములుతోంది. నేను ఆ ముఖం సరిగ్గా చూసింది అప్పుడే. పిల్లలు ఏడవలేదు, కుక్కలు మొరగలేదు. దిబ్బ మీది గాలి ఒక్కటే ఈల వేస్తోంది. బంగారం సంగతి నాకు మళ్ళీ గుర్తుకు రాలేదు. ఆయన పైకి వస్తే చాలు, నన్ను కాదన్నా పర్వాలేదు అనుకున్నాను.

ఎంతసేపటికో చక్రం కదిలింది. ఎవరూ అరవలేదు, వరసంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఒక్కొక్కరే నడిచి వచ్చారు. ఒళ్ళంతా బూడిద కొట్టుకుపోయి, ఎవరు ఎవరో తెలియకుండా. ఒక్కో గడప దగ్గర ఒక్కొక్కరు ఆగి గ్లాసు ఎత్తుతున్నారు. మా గడప దగ్గరా ఒకాయన ఆగి గటగటా తాగి, కింద ఇసకనూ, రుమాలునూ, నన్నూ వరసగా చూశాడు.

"ఈయప్పేనా పిల్లోడు?"

"ఊఁ" అంది అత్తగారు.

"ఇసక కావల్లంటే అడిగింటే గోనెసంచికి ఎత్తించింటాము గదప్పా. దీనికి రుమాలెందుకు?"

అప్పుడు నవ్వింది వరసంతా. అంతసేపూ బిగబట్టుకున్నదంతా నా మీద కుమ్మరించింది. ఎదురింటి తమిళావిడ గోడ పట్టుకుని నవ్వింది. సంబంధం ఖాయమైంది గానీ, ఆ రోజు నుంచి ఆ లైన్లో నా పేరు ఇసకల్లుడు. నా పెళ్ళికి వచ్చినవాళ్ళూ అలాగే పిలిచారు, నా కూతురి పెళ్ళికి వచ్చినవాళ్ళూ అలాగే పిలిచారు.

గని మూతబడి చాలా కాలమైంది. మామగారు గనిలో కాదు, మంచం మీద, దగ్గుతూ పోయారు. కింద సొరంగాల నిండా ఇప్పుడు నీళ్ళే. అయినా అప్పుడప్పుడూ నేల అదురుతుంది. నీళ్ళ బరువుకి రాయి సర్దుకుంటోందని చదువుకున్నవాళ్ళు అంటారు. మా అత్త మాత్రం, "కిందోళ్ళు పక్కకి తిరిగి పండుకుంటా ఉండారు" అంటుంది, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా.

వియ్యంకుణ్ణి తీసుకెళ్ళాను. దయ్యాల కోసం వచ్చిన మనిషి ముందు ఊరి బజారైన రాబర్ట్‌సన్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుని చిన్నబుచ్చుకున్నాడు. లైన్లోకి రాగానే మళ్ళీ హుషారు వచ్చింది. "చూశారా, అన్నీ తాళాలే!" అన్నాడు. ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళందరూ చేసే పొరపాటే ఇది. పగలు వచ్చి, తాళాలు ఫోటో తీసుకుని, ఊరు చచ్చిపోయిందని తేల్చేస్తారు. ఆ తాళాల మనుషులు తెల్లారగట్ల రైలెక్కి బెంగళూరు పనికి పోయి ఉంటారు. మా బావమరిదీ, అతని భార్యా కూడా అంతే. దీపాలు పెట్టే వేళకి వచ్చి చూసేవాళ్ళు లేరు గనక ఆ ఊరు మళ్ళీ బతకడం ఏ ఫోటోలోనూ పడదు.

అత్త మాకు రాగిముద్దా, ఉలవచారూ పెట్టింది. వియ్యంకుడు రెండో ముద్ద మింగుతుండగా నేల కింద మళ్ళీ ఆ పాతాళం తలుపు మూసుకుంది. గిన్నెలు గలగలమన్నాయి. ఆయన విస్తరి దాటి గుమ్మం దాకా ఒక్క ఉరుకు ఉరికాడు. నేను కదల్లేదు. అత్త ఎనభై ఏళ్ళ మోకాళ్ళ మీద లేచి, గ్లాసు నిండా నీళ్ళు ముంచి, గడప మీద పెట్టి నిలబడింది. ఎదురింటి తమిళావిడా వచ్చింది. ఇద్దరూ చూస్తున్న వైపు ఇప్పుడు చక్రం లేదు, ఉత్త ఆకాశం. దిబ్బ మీది గాలి కూడా ఆగింది.

"ఎవరి కోసమండీ?" వియ్యంకుడు గుసగుసగా అడిగాడు.

"పైకి రానోళ్ళు ఇంగా ఉండారు గదా, నాయనా" అంది అత్త, అటు చూస్తూనే. "వాళ్ళ ఇండ్లల్లో ఇప్పుడు ఎవురూ లేరు. యాడికని పోతారు? నీళ్ళున్న గడప కాడికే గదా వస్తారు."

కాసేపయ్యాక ఆవిడ లోపలికి వచ్చి కూర్చుంది. గ్లాసు గడప మీదే ఉంది. ఇన్నేళ్ళలో, అదిరిన తర్వాత ఆ గ్లాసులో నీళ్ళున్నాయా లేవా అని నేను ఒక్కసారీ ఒంగి చూడలేదు. మా వియ్యంకుడు చూశాడు. చూసి, మెల్లగా వెనక్కి జరిగి, గోడకి ఆనుకున్నాడు. గడప దాటేటప్పుడు ఆ గ్లాసుకి దారిచ్చి, పక్కకి ఒదిగి దాటాడు.

కారు దగ్గరికి నడుస్తుంటే ఆయనకి కాస్త ప్రాణం వచ్చింది. గోడ వార ఆగాడు. ఎండకి ఇసకలో ఏదో తళుక్కుమంది. అటూ ఇటూ చూశాడు. "బావగారూ, ఇది ఉత్త ఇసకేనంటారా?"

"ఏమో, బావగారూ" అన్నాను, అరవై దాటినవాడికి తగినంత గంభీరంగా. జేబులోంచి నా రుమాలు తీసి ఇచ్చాను.

ఆయన ఒంగి రెండో గుప్పెడు నింపుతుండగా వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఓ అమ్మీ, బయటికి రా! ఇంగొక ఇసకల్లుడు వచ్చినాడు చూడు!" ఎదురింటి తలుపు తెరుచుకుంది. వయసులో ఉన్నప్పుడు జారిపోయిన ఆ మూట ఇంకొకరి చేతిలో పడటానికి ఒక గని మూతబడేంత కాలం పట్టింది. ఆ కాలమంతా ఓపిగ్గా నిలబడ్డాను, ఈ ఊరివాళ్ళ దగ్గరే నేర్చుకుని.