గుండు డాట్ జేపీజీ

ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో వీధికొక కంప్యూటర్ సెంటర్ వెలుస్తున్న కాలంలో, వెబ్‌సైట్ చేయడమంటే పెళ్ళిపందిరి వేయడం లాంటిదనుకునేదాన్ని. మెరిసే అక్షరాలు, అటూ ఇటూ పాకే గీతలు, మూలన గిరగిర తిరిగే భూగోళం ఉంటే చాలు, చూసినవాళ్ళు నోరు తెరవాల్సిందే. చూడలేనివాళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు (చెప్పినా ఆ రోజు నేను పుంగనూరులో పెళ్ళికి పోయుంటాను). ఆరు నెలల కోర్సు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నాక నన్ను నమ్మి పని ఇచ్చిన మొదటి మనిషి మా పెద్దనాయన. ఆయనకు టమోటా మార్కెట్లో రైతుల కాయ వేలం వేసే మండీ ఉండేది.

ఆయన వెబ్‌సైట్ పెట్టాలనుకున్నది గొప్పకు కాదు, టెలిఫోన్ అన్న కోసం. పుట్టుకతోనే చూపు లేని ఆ అన్న బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నడిపేవాడు. తంబళ్లపల్లె, పెద్దమండ్యం రైతులు కాయ కోసే ముందు ఆయనకే ఫోన్ చేసి, "ఈ పొద్దు కోయమంటావా అన్నా?" అని అడిగేవాళ్ళు. ధర పడిపోయిన రోజు కోస్తే బండి బాడుగ కూడా రాదు, మార్కెట్లోనే పారబోసి పోవాలి. అందుకని అన్న రోజూ కర్ర పట్టుకుని లారీల మధ్య నడిచిపోయి, వేలంపాట విని వచ్చేవాడు. ఒకరోజు టెంపో తగిలి మోకాలు చితికింది. పెద్దనాయన చూడలేకపోయాడు. "ఇంక నువ్వు ఈడికి రాబాకప్పా. మా పాప రేట్లు కంప్యూటర్లో పెడతాది, కూసున్న సోటే వినుకో," అన్నాడు. తెర మీది రాతను ఇంగ్లీషులో పైకి చదివే సాఫ్ట్‌వేర్ వాడటం అన్న బెంగళూరులో నేర్చుకుని వచ్చి, బూత్‌లో ఒక కంప్యూటర్ పెట్టుకున్నాడులెండి.

అప్పట్లో తెలుగు అక్షరాలు పక్కవాడి కంప్యూటర్లో డబ్బాలుగా కనిపించేవి. దానికి మా వృత్తిలో ఒక కిటుకు ఉండేది: డీటీపీలో కొట్టి, దాన్ని బొమ్మగా మార్చి అతికించడం. నేనూ అదే చేశాను. రేట్ల బోర్డు మొత్తం చుట్టూ గులాబీల అంచుతో ఒకే బొమ్మ! ఫైళ్ళకు నోటికొచ్చిన పేర్లు పెట్టాను, ఎవరు చూస్తారని. పెద్దనాయన ఎప్పుడూ తలకు టవల్ చుట్టుకునే ఉండేవాడు. స్టూడియోవాడు పట్టుబట్టి అది తీయించి ఫోటో తీస్తే, ఆ ఫైలుకు 'గుండు' అని పేరు పెట్టేశాను.

ప్రారంభం అన్న బూత్‌లోనే. టెంకాయ కొట్టాం. అందరూ వినాలని అన్న స్పీకర్ పెద్దది చేశాడు. కంప్యూటర్ లోపల ఇంగ్లీషు చదివే దొరగారు గొంతు సవరించుకున్నట్టు ఒక క్షణం ఆగి, "గుండూ డాట్ జేపీజీ," అన్నాడు. తర్వాత "రోజ్ బోర్డర్ ఫోర్ డాట్ జేపీజీ." తర్వాత "బోర్డ్ న్యూ న్యూ టూ డాట్ జేపీజీ." అంతే, అయిపోయింది. బొమ్మలోని అక్షరాలు ఆయనకు కనపడవు, ఫైలు పేరు ఒక్కటే చదువుతాడు.

పెద్దనాయన చెయ్యి మెల్లగా టవల్ మీదికి పోయింది. "ఏమ్మా, నాకు గుండని దీనికెవురు సెప్పినారు?" అన్నాడు. నా మొహాన కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. అన్న మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ, "పెద్దాయనకు గుండని ఇన్నేండ్లకు తెలిసిందమ్మా. టమోటా రేటే తెలీలా," అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. తంబళ్లపల్లె రైతు. కోయమంటావా అన్న ప్రశ్నే. "రవ్వంత తాళప్పా, పోయి వినొస్తా," అంటూ అన్న కర్ర కోసం తడుముకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తెర మీది బోర్డు గబగబా చదివి వినిపించాను. అన్న రైతుకు చెప్పి, ఫోన్ పెట్టేసి, "ఈ పొద్దు నువ్వుండావు. రేపు?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు.

మూడు రోజులు ఆ బూత్‌లోనే కూర్చున్నాను. గులాబీలు పీకేశాను, భూగోళాన్ని ఆపేశాను (ప్రాణం ఉసూరుమంది). రేట్లను బొమ్మ చేయకుండా మామూలు అంకెల్లో, టమోటా రకాలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. అన్న కళ్ళు మూసుకుని వింటూ, "ఈడ ఆగిపోతాండాది సూడు. ఈడ మళ్ళా మొదటికి పోతాండాది," అని తప్పులు పట్టేవాడు. ఆరు నెలల కోర్సులో నాచేత ఎవరూ అంత చాకిరీ చేయించలేదు. నాలుగోనాడు పొద్దున ఫోన్ మోగితే, అన్న ఒక్క క్షణం తెర విని, "ఈ పొద్దు కోయొద్దప్పా, రేటు పడిపోయిండాది," అన్నాడు. కర్ర మూలనే ఉంది.

ప్రతి ఫోటో వెనకా దాన్ని గురించి ఒక వాక్యం రాయాలి, చూడలేనివాళ్ళు వినడానికి. పెద్దనాయన తన ఫోటోకు తనే పక్కన నిలబడి చెప్పి రాయించాడు: "నల్లటి ఒత్తు జుట్టు, నడిమి పాపిడి." పెద్దవాళ్ళ మాట కాదనలేక అదే ఇంగ్లీషులో టైపు చేశాను. అన్న ఏళ్ళ తరబడి పొద్దున్నే ఆ వాక్యం విన్నాకే రేట్లు విన్నాడు.

సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పోయింది. నా పని మాత్రం ఇదే అయింది, చూడలేనివాళ్ళు వినగలిగే వెబ్‌సైట్లు చేయడం. ఇప్పుడు కుర్రవాళ్ళకు పాఠం చెప్తాను: ఫోటోలో ఉన్నది ఉన్నట్టు రాయండి, వినేవాళ్ళు మిమ్మల్ని నమ్ముకుని ఉంటారు అని. పెద్దనాయన పోయాక కూడా అన్న అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. "అమ్మా, పెద్దాయన పాపిడి ఎట్లుండాది?"

"నడిమే ఉండాదన్నా," అంటాను.