జెముడు కంచెకు తల్లి పోసింది

లింగాల ఘనపూర్ దగ్గరి ఊళ్లో బుచ్చవ్వ నోరంటే గయ్యాళులకు కూడా హడలే. పుట్టినిల్లు పేద, మెట్టినిల్లు అంతకంటే పేద; అబద్ధాలకు మాత్రం ఆ ఇంట ఏనాడూ కరువు లేదు. దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరిన మొగుడు సారయ్యను పట్టుకోవడానికి నిజాం పోలీసులు ఊరి మొగలో క్యాంపు వేశారు. అడవికి పోవాలన్నా అదే దారి. బుచ్చవ్వ పెరటి నాగజెముడు కంచె నడుమ గుంత తీసి, మొగుణ్ణి అందులో కూర్చోబెట్టింది.

అంతలో కంచెకు పురుగు పట్టింది. మట్టల నిండా తెల్లటి దూది పొక్కులు. చిదిమితే నెత్తురులాంటి ఎర్రటి రసం. పురుగు పీల్చిన మట్ట వాడి రాలిపోతోంది. కంచె పలచనైతే మొగుడు దొరుకుతాడు, దొరికితే కాల్చేస్తారు. బుచ్చవ్వ ఆ పొక్కులను చూసి చూసి, కంచెకు వేపమండలు కట్టి పసుపునీళ్లు చల్లింది.

సోదాకు వచ్చిన జమేదారు లాఠీతో మట్టను పొడిచాడు. లాఠీ ఎర్రబడింది.

"ఏందే గిది?"

"తల్లి పోసింది, సాబ్. మనుషులు సాల్లేదేమో, జెముడుకు పోసింది."

జమేదారు రేగొండ వాడు, మశూచి తల్లి పోశమ్మకు భక్తుడు. లాఠీ పారేసి దండం పెట్టాడు. బోనం ఎత్తేది ఆడవాళ్లు. క్యాంపులో ఆడదిక్కు లేదు కనుక, రోజూ భుజాన తుపాకీ, నెత్తిన పెరుగన్నం కుండతో ఆయనే వచ్చేవాడు. తెల్లారేసరికి కుండ ఖాళీ. తల్లి ఆరగిస్తోందని పోలీసులంతా పొంగిపోయారు. సారయ్యకు బొజ్జ వచ్చింది.

"రేపు జర ఉప్పు ఎక్కువెయ్యమను," అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ!" అని నవ్వింది బుచ్చవ్వ.

పురుగుకు భక్తేమిటి, భయమేమిటి? దాని పని అది చేసుకుపోయింది. ఒక పొద్దున జమేదారు బోనం దింపుతుండగానే కంచె కూలింది. గుంతలో సారయ్య, ఒంటి నిండా కంచె నుంచి అంటిన తెల్లటి పొక్కులు, ఎర్రటి మరకలు.

జమేదారు చెయ్యి తుపాకీ మీదికి పోయింది. బుచ్చవ్వ అడ్డం వచ్చింది.

"మా ఇంటాయనకు గూడ పోసింది, సాబ్. ఊరికంటుతది, పొలిమేర దాటిస్త."

ఆయన సారయ్య బొజ్జ వంక చాలాసేపు చూశాడు.

"నా బిడ్డలిద్దరికి పోసినప్పుడు బుక్కెడు గూడ దిగలే, చెల్లె," అన్నాడు. "ఈయన మంచిగనే తిన్నడు. తోల్కపో."

పోలీసులంతా దండాలు పెడుతూ దారి ఇచ్చారు. పొలిమేరలో మొగుణ్ణి అడవివైపు తోలి, బుచ్చవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో సగం జమేదారు పోగొట్టుకున్న ఆ బిడ్డల కోసమేనని చాలా ఏళ్లు చెప్పింది; ఆమె చెప్పినవాటిలో ఊరంతా నమ్మింది అదొక్కటే.